కొండ కార్తె చూసి బయలుదేరండి

(విజయవాడలో పొద్దుటి నడక మిత్రుల సమావేశంలో ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నేను లేవకముందే నాలుగు చీటీలు పంపారు. మూడింటిలో ఒకటే ప్రశ్న: ఆల్ప్స్ పర్వతాల్లో గైడు లేకుండా సొంతంగా నడవాలంటే ఏ దారి మంచిది? నాలుగో చీటీలో ఒక తల్లి తేదీలు రాశారు. మే రెండో వారం నుంచి రెండు వారాలు, వెంట పన్నెండేళ్ల కొడుకు, తన మోకాళ్లు అంత గట్టివి కావు. ఈ అమ్మకు జవాబు చెప్పడం నాకు సులువు. మిగిలిన ముగ్గురికే కష్టం. వారు ఎక్కడికి అని అడిగారు కానీ ఎప్పుడు వెళతారో రాయలేదు. కొండల విషయంలో ఎప్పుడు అన్నది తేలితే తప్ప ఎక్కడికి అన్నది తేలదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

మన ఊరివాళ్లకు కొండల మీద ధ్యాస ఎప్పుడు పుడుతుంది? మే నెలలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇంద్రకీలాద్రి బండ మీద చెప్పులు లేకుండా కాలు మోపలేం, బ్యారేజీ మీద గాలి కూడా పొయ్యి దగ్గర గాలిలా ఉంటుంది. పిల్లలకు బడి లేదు, ఆఫీసులో సెలవు దొరుకుతుంది. అప్పుడు ఫోనులో పచ్చిక బయళ్లు, వాటి వెనక మంచు శిఖరాలు కనబడితే ప్రాణం లేచి వస్తుంది. ఆ బొమ్మలు జూలైలోనో ఆగస్టులోనో తీసినవని మనకు ఎవరూ చెప్పరు. మే నెలలో ఆ పచ్చిక మంచు కింద ఉంటుంది. ఆ దారిలోని సత్రాలకు తాళాలు వేసి ఉంటాయి.

నేను కూడా బొమ్మ చూసే వెళ్లాను. ఏడేళ్ల కిందట తమ్ముడూ నేనూ ఆల్ప్స్‌లో అన్నిటికంటే ఎత్తయిన మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ తిరిగే దారి ఎంచుకున్నాం. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా దాదాపు 170 కిలోమీటర్ల దారి అది. బడులు తెరిచాక నాకు దొరికిన సెలవు జూన్ మూడో వారం. మే కాదు కదా, మంచు కరిగిపోయి ఉంటుందని ధైర్యపడ్డాం. రెండో రోజు రాత్రి బాల్మ్ అనే చోట సత్రంలో దిగాం. భోజనం వడ్డిస్తూ సత్రం నడిపే ఆవిడ కిటికీలోంచి పైకి చూపించి, రేపు తెల్లవారకముందే వెళ్లండి, లేదంటే వెళ్లకండి అన్నది. మేము ఏడున్నరకు బయలుదేరాం.

పైన బోనోమ్ కనుమ ఉంది. ఎత్తు 2,329 మీటర్లు. తొమ్మిది దాటేసరికి దారి కనబడడం మానేసింది. ముందు వెళ్లినవాళ్ల అడుగుల గుంటలు మాత్రమే ఉన్నాయి, వాటి అంచులు ఎండకు కరిగి గుండ్రబడ్డాయి. తమ్ముడు చేతికర్ర ఆనిస్తే పిడిదాకా దిగబడింది. అప్పుడు నాకు పాదాల కింద నీళ్ల చప్పుడు వినబడింది. మా నాన్న కృష్ణా కాలువల మీద లస్కరుగా పనిచేశారు. తలుపుల కింద నీళ్లు ఎంత వేగంతో పోతున్నాయో చప్పుడును బట్టి చెప్పేవారు. ఆ విద్య కొద్దిగా నాకూ వచ్చింది. మేము నిలబడింది నేల మీద కాదు, వాగు మీద పరుచుకున్న మంచు పైకప్పు మీద. కింద నీరు దాన్ని తొలుస్తూ పోతోంది. కదలవద్దని తమ్ముడికి చెప్పాను.

"అక్కా, కనుమ అదిగో, అరగంట కూడా లేదు" అన్నాడు వాడు.

"అరగంటే. కింద ఏరు పోతోందిరా. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రా" అన్నాను.

వెనక్కి దిగి, కింద లోయలోని కొంతామిన్ ఊళ్లో బస్సెక్కి, తరువాత రైలెక్కి మాంట్ బ్లాంక్ పాదాల దగ్గర ఉన్న షామొనీ ఊరు చేరాం. మిగిలిన రోజులు లోయలోని అడవి దారుల్లో నడిచాం. అవీ బాగున్నాయి. కానీ రెండేళ్లు డబ్బు కూడబెట్టుకున్న దారిలో మూడు రోజులు కూడా పూర్తిగా నడవలేకపోయామన్న బాధ నాకు చాలాకాలం ఉండిపోయింది. అందుకే ఈ మాట ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ చెబుతున్నాను.

మన రైతుకు కార్తెలు ఉన్నట్లే కొండకూ ఉంటాయి. నేను ఆల్ప్స్ సంవత్సరాన్ని మన కార్తెల మీద పరిచి చూసుకుంటాను. నాకు అలాగైతేనే గుర్తుంటుంది.

రోహిణిలో, అంటే మే చివర, రెండు వేల మీటర్ల పైన ఇంకా శీతకాలపు మంచే ఉంటుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో సత్రాలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. మాంట్ బ్లాంక్ దారిలో చాలావరకు జూన్ మధ్యలో తెరుస్తారు. సత్రం తెరిచారంటే కనుమ తెరిచినట్లేనని అనుకోవద్దు, మేము చేసిన పొరపాటు అదే. ఉత్తరానికి తిరిగి ఉన్న వాలులకు, ఇరుకు గండ్లకు ఎండ తక్కువ. దక్షిణపు వాలు మీద పూలు పూస్తున్న రోజున అదే కొండకు అవతలి పక్క నడుం లోతు మంచు ఉండవచ్చు. శీతకాలంలో మంచు బాగా పడిన ఏడాది ఈ గడువు ఇంకా వెనక్కి పోతుంది. అందుకని తొలిసారి వెళ్లేవాళ్లు పునర్వసు కార్తె సగం దాటాక, అంటే జూలై మధ్య నుంచి, ఎత్తయిన కనుమల లెక్క వేసుకోవడం మేలు.

పుష్యమి, ఆశ్లేష కార్తెలు పూల కాలం. జూన్ నెలలో, మనకు ఏరువాక సాగే రోజుల్లో, అక్కడి పల్లెవాళ్లు ఆవులను ఎత్తయిన మేతబీళ్లకు తోలుకుపోతారు. ఆల్ప్ అనే మాటకు ఆ ఊళ్లలో అర్థం కొండ మీది మేతబీడు అని. వాళ్ల నోట అది పశువుల మాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ కొండల మీద నాకు చుట్టరికం పెరిగింది. మెడగంటలు వినబడుతూ ఉంటాయి, మంచు పొగ కమ్మినప్పుడు ఆ గంటలే మనిషికి ధైర్యం.

ఈ నెలల్లో కష్టాలు రెండు. ఒకటి పిడుగులు. పొద్దున్న ఆకాశం అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నానికి మబ్బు బురుజులా లేస్తుంది. కనుమను పన్నెండు లోపల దాటి రెండు గంటలకల్లా సత్రం చేరేలా బయలుదేరాలి. రెండోది జనం. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద పండగ, ఆ వారం దేశమంతా సెలవులో ఉంటుంది. ఆ దేశపు ఈశాన్యాన ఉన్న డోలమైట్స్ కొండల సత్రాల్లో అప్పటికప్పుడు మంచం దొరకడం దుర్లభం. ఆగస్టు చివరి వారంలో షామొనీలో మాంట్ బ్లాంక్ చుట్టూ పరుగు పందెం జరుగుతుంది. దారి, ఊరు, సత్రాలు అన్నీ నిండిపోతాయి. పరుగు చూడాలని ఉంటే తప్ప ఆ వారాన్ని వదిలేయండి.

నన్ను అడిగితే పుబ్బ కార్తె. ఆగస్టు 30 దాటాక సెప్టెంబరు 12 వరకు. మంచు కరిగిపోయి ఉంటుంది, వాగులు తగ్గి ఉంటాయి, పిడుగులు తక్కువ, ఐరోపాలో చాలాచోట్ల బడులు తెరిచేస్తారు కాబట్టి సత్రంలో చోటు ఉంటుంది. పూలు మాత్రం ఉండవు, పగలు కురచబడుతుంది. ఉత్తర కార్తెలో ఆవుల తలలకు పూలు కట్టి కిందికి దింపుతారు. చాలా సత్రాలు సెప్టెంబరు మధ్య నుంచి నెలాఖరులోపు మూస్తారు. హస్త వచ్చాక పైన కొత్త మంచు పడవచ్చు, తలుపు తీసేవాళ్లు ఉండరు. అప్పుడు లోయలో బస చేసి పగటిపూట నడిచి రావడమే. చిత్త కార్తెలో లార్చ్ చెట్లు బంగారు రంగు తిరుగుతాయి. దేవదారు జాతిలాగే సూది ఆకులు, కానీ శీతకాలానికి ఆకు రాల్చేస్తాయి. వాటిని చూడడానికి ఎత్తయిన కనుమ ఎక్కనక్కరలేదు.

ఇక ఎక్కడికి. అందం చూసి ఎంచుకోవద్దని నేను అనను. అందం కోసమే కదా ఇంత దూరం పోయేది. కానీ నా పద్ధతిలో మొదట పటం పరిచి దిగే దారులు చూస్తాను. గైడు లేకుండా నడిచే మనిషికి ఒంట్లో బాగా లేకపోతే, వాన రెండు రోజులు పట్టుకుంటే, సగంలో లోయలోకి దిగి బస్సెక్కే వీలుండాలి. మాంట్ బ్లాంక్ దారికి ఇంత పేరు రావడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. ఒకటి రెండు రోజులకు ఒకసారి ఏదో ఒక ఊరు తగులుతుంది. మేము ఆ రోజు క్షేమంగా బయటపడింది దానివల్లనే. డోలమైట్స్‌లో బ్రాయెస్ సరస్సు నుంచి బెల్లూనో వరకు ఉన్న మొదటి నంబరు ఎత్తు దారి సుమారు 120 కిలోమీటర్లు. మధ్యలో ఘాట్ రోడ్లు అడ్డం వస్తాయి కాబట్టి అక్కడా సగంలో ఆపుకోవచ్చు. షామొనీ నుంచి స్విట్జర్లాండులోని జెర్మాట్ ఊరి దాకా పోయే దారి మాత్రం ఇంకా కఠినం, కనుమలు ఎక్కువ. మొదటిసారికి అది వద్దు.

దూరం చూసి మోసపోవద్దు. ఎక్కుడు చూడండి. మాంట్ బ్లాంక్ దారి మొత్తం మీద ఎక్కేది దాదాపు 10,000 మీటర్లు. పది రోజులకు పంచితే రోజుకు 17 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల ఎక్కుడు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు: మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. ఆ లెక్కన ఒక రోజు నడక అయిదు గంటల పైచిలుకు. ఆగకుండా, అలవాటున్న కాళ్లతో, మంచి దారిలో అయితే ఆ మాట. మాకు ఎనిమిది గంటలు పట్టేది. స్విట్జర్లాండులో నడకదారులు చూపే పసుపు బోర్డుల మీద కిలోమీటర్లు రాయరు, గంటలు రాస్తారు. మొదటి రోజు ఒక బోర్డు పట్టుకుని మీ సమయం చూసుకోండి. రెండు గంటలన్న చోట మీకు మూడు పడితే, ఆ యాత్ర అంతా ఒకటికి ఒకటిన్నర వేసుకోండి. ఆ బోర్డు కొస తెలుపు, ఎరుపు, తెలుపు చారలతో ఉంటే కొండదారి. తెలుపు, నీలం, తెలుపు ఉంటే అది పర్వతారోహకుల దారి, మనది కాదు. అక్కడ ఎంత బతిమాలినా తమ్ముణ్ని పోనివ్వలేదు.

సత్రాల గురించి క్లుప్తంగా. పక్కపక్కన పడకలు, తలుపు దగ్గరే బూట్లు విడవాలి, పది గంటలకు దీపాలు ఆర్పేస్తారు. పల్చటి సంచి దుప్పటి మనమే తీసుకుపోవాలి. శాకాహారమైతే గది తీసుకునేటప్పుడే రాయండి, అక్కడికి వెళ్లాక చెబితే వాళ్లకు పైకి సరుకు తేవడం కుదరదు. పేరున్న దారుల్లో చోటు నెలల ముందే నిండుతుంది. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ బీమా కొండ మీద నుంచి హెలికాప్టరులో దింపే ఖర్చు కూడా ఇస్తుందా, ఎంత ఎత్తు వరకు ఇస్తుంది అన్నది కాగితం చదివి తెలుసుకోండి. సాయానికి ఐరోపాలో 112. స్విట్జర్లాండులో కొండల హెలికాప్టరుకు 1414. హెలికాప్టరు కనబడినప్పుడు రెండు చేతులూ పైకెత్తితే సాయం కావాలని అర్థం. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి ఉంటే అక్కర్లేదని. ఊరికే సంతోషం పట్టలేక రెండు చేతులూ ఊపకండి.

మన హిమాలయాలు ఉండగా అంత దూరం ఎందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అక్కడా కార్తె చూడవలసిందే, ఇంకా జాగ్రత్తగా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. ఇక్కడున్న చాలామందికి ఆ రోజు గుర్తుంటుంది. విశాఖ దాటాక ఆ తుపాను ఏమైందో మనలో ఎందరికి తెలుసు? అది వాయవ్యంగా, తరువాత ఉత్తరంగా పోయి, మిగిలిన తేమను నేపాల్ కొండల మీద కుమ్మరించింది. రెండు రోజుల తరువాత అన్నపూర్ణ పర్వతాల చుట్టూ నడిచేవాళ్లు థొరోంగ్ కనుమ దాటుతుండగా, 5,416 మీటర్ల ఎత్తున, మంచు తుపాను కమ్మింది. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు నేపాల్‌లో నడకకు శ్రేష్ఠమైన నెల. అది నిజమే. అదే నెల మన బంగాళాఖాతంలో తుపానుల నెల కూడా. మన తీరంలో తుపాను హెచ్చరిక జెండా ఎగరేసినప్పుడు నేపాల్‌లో కనుమ కింద ఉన్నవాళ్లు అది ఎటు పోతుందో తేలేదాకా ఆగాలి. తీరంలో పుట్టిన మనకు ఈ సంబంధం మిగతావాళ్ల కంటే బాగా తెలిసి ఉండాలి.

నేపాల్‌లో 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ నడకరులకు గైడు ఉండాలని నియమం పెట్టారు. వెళ్లే ముందు మనవాళ్లకు అది ఎంతవరకు వర్తిస్తుందో కనుక్కోండి. ఉత్తరాఖండ్‌లో పూలలోయ జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు తెరిచి ఉంటుంది. పూలు నిండుగా ఉండేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, అంటే సరిగ్గా వానల్లో. వాన వద్దు పూలు కావాలంటే కుదరదు, కొండచరియలు పడి రోడ్డు ఆగిపోతే ఆగడానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోవాలి. లడఖ్ వాన నీడలో ఉంది, అంటే వాన మబ్బులను కొండలు అడ్డుకుంటాయి. మనకు నైరుతి కురిసే నెలలే అక్కడ నడకకు అనువు. మార్ఖా లోయలో పల్లె ఇళ్లలో బస చేస్తూ నడవవచ్చు. కానీ లేహ్ పట్టణమే 3,500 మీటర్ల ఎత్తు. మనం సముద్ర మట్టానికి కాస్త పైన పుట్టి పెరిగినవాళ్లం. విమానం దిగిన మరునాడే నడక మొదలుపెట్టకూడదు. రెండు మూడు రోజులు ఊళ్లోనే ఉండాలి, మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పి, వాంతి వస్తే ఎక్కడం ఆపాలి, తగ్గకపోతే దిగాలి. ఆల్ప్స్ సత్రాలు చాలావరకు 2,500 మీటర్ల లోపే ఉంటాయి కాబట్టి అక్కడ ఈ భయం తక్కువ. యాభై దాటినవాళ్లకు నేను మొదట ఆల్ప్స్ చెప్పడానికి కారణం అది.

సాధన ఎక్కడ అని కూడా అడుగుతారు. మంగళగిరి మెట్లు చాలు. ఎక్కడం కంటే దిగడం మీద శ్రద్ధ పెట్టండి, వీపున అయిదారు కిలోల సంచితో. మోకాలు గోల పెట్టేది దిగేటప్పుడే. కొండపల్లి కోట దారి వానాకాలంలో నడిస్తే తడి రాయి మీద అడుగు ఎలా వేయాలో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ నాలుగో చీటీ. అమ్మా, మే నెలలో ఆల్ప్స్ వెళ్లకూడదని నేను అనడం లేదు. పైకి వెళ్లకూడదు. ఇటలీ ఉత్తరాన దక్షిణ టిరోల్‌లో మెరానో అనే ఊరుంది. ఆ లోయలో వాన తక్కువ. అందుకని అక్కడి రైతులు శతాబ్దాల కిందటే కొండ వాగుల నీటిని వాలు వెంబడి సన్నటి కాలువల్లో మళ్లించుకున్నారు. ఆ కాలువలను వాల్ అంటారు. ప్రతి కాలువకూ గట్టు, గట్టు మీద కాపలా మనిషి నడిచే బాట. ఇప్పుడు ఆ బాటలే నడకదారులు. వసంతం నుంచి శరత్తు దాకా నడవవచ్చు. దారి దాదాపు సమంగా పోతుంది, మీ మోకాళ్లకు ఇబ్బంది లేదు. పక్కన ఆపిల్ తోటలు, తల ఎత్తితే మంచు శిఖరాలు. మార్లెంగో కాలువ దారి 12 కిలోమీటర్లు. అక్కడి కాలువ దారుల్లో పొడవైనది అదే. రాత్రికి ఊళ్లో గది, మరునాడు ఇంకో కాలువ. 2023 డిసెంబరులో ఐరోపాలోని ఈ సంప్రదాయ నీటిపారుదలను యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

మేము మూడేళ్ల కిందట మే నెలలో వెళ్లాం. ఒక కాలువ పక్కన చిన్న నీటి చక్రం, దానికి ఒక సుత్తి, సుత్తి కింద గంట. నీళ్లు పారుతున్నంతసేపు చక్రం తిరిగి గంట మోగుతూనే ఉంటుంది. ఎక్కడో పైన ఆకులో రాయో అడ్డుపడితే గంట ఆగుతుంది, కాలువ కాపరి పార తీసుకుని బయలుదేరతాడు. ఆ మనిషి ఉద్యోగమూ మా నాన్న ఉద్యోగమూ ఒకటే. నాన్న రాత్రిపూట మంచం మీద నుంచి లేచి, నీటి చప్పుడు మారింది అని లాంతరు పట్టుకుని వెళ్లడం నేను ఎన్నిసార్లు చూశానో. తమ్ముడు ఆ చక్రం పక్కన గట్టు మీద కూర్చున్నాడు, చాలాసేపు లేవలేదు. నేనూ లేపలేదు.

అబ్బాయికి ఆ గంటల చక్రాలు నచ్చుతాయి. మే నెలలో వెచ్చటి ఉన్ని చొక్కా ఒకటి, వానకోటు ఒకటి పెట్టండి, ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కాలువ దారుల పటం నా సంచిలోనే ఉంది. సభ అయ్యాక ఆగండి, బల్ల మీద పరిచి చూపిస్తాను. మిగిలిన ముగ్గురూ కూడా రండి, తేదీలు చెబితే అదే బల్ల దగ్గర మాట్లాడుకుందాం.